ఎడమకాలి బూటు

డెస్మండ్ టీ కప్పు కడుగుతుండగా కేకలు వినిపించాయి. కంపైలర్ మళ్ళీ కుప్పకూలింది. హోబార్ట్ రేవు ఎదుటి ఆ ఆఫీసులో ఫెర్రీల రాకపోకల ప్రోగ్రాములు రాస్తారు. రాసినదాన్ని యంత్రానికి ఎక్కేలా మార్చేది కంపైలరే. అది నడవకపోతే ఐదింటికల్లా కొత్త వేళలు పడవలకు చేరవు.

అందరూ కెర్రిన్ బల్ల చుట్టూ మూగారు. ఆమె చేరి ఎనిమిది నెలలు. డెస్మండ్ చేరి ఇరవై ఆరేళ్ళు, ఇవాళ అతని ఆఖరి రోజు. మోచేతుల దగ్గర పలచబడ్డ స్వెట్టరు, చెవి వెనక పెన్సిలు. అతనివైపు ఎవరూ చూడలేదు.

"డెస్, ఆ కుర్చీ ఇటు ఇవ్వవయ్యా, కెర్రిన్ పక్కన కూర్చోవాలి," అన్నాడు మేనేజరు లాకీ.

కుర్చీ అడిగాడు గానీ సలహా అడగలేదు. డెస్మండ్ కుర్చీ అటు తోశాడు. తెర చూడగానే అతనికి జబ్బు తెలిసిపోయింది. మొన్న కంపైలర్ కొత్తది పెట్టారు. ప్రతి ప్రోగ్రామూ వాడుకునే తయారు సరుకు, ఆ స్టాండర్డ్ లైబ్రరీ, పాతదే ఉండిపోయింది. కొత్త తాళానికి పాత చెవి. పది నిమిషాల పని.

చెప్పలేదు. ఏడవనీ! ఆ తెలివంతా ఏమవుతుందో చూద్దాం. ఒక్కసారి నన్నడగనీ, అప్పుడు చెబుతాను.

మధ్యాహ్నం దాటినా ఎవరూ అడగలేదు. అతని వీడ్కోలు కేకు ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది.

మూడున్నరకి కెర్రిన్ ఒక్కతే వచ్చింది.

"డెస్, లైబ్రరీ పాతది. మారకుండా ఎవరో బిగించేశారు, పదకొండేళ్ళ కిందట," అంది మెల్లగా. "పక్కన నీ పేరుంది."

డెస్మండ్‌కి గుర్తొచ్చింది. ఆ ఏడు కొత్త లైబ్రరీ అన్నీ చెడగొడితే తనే బిగించాడు. విప్పడం మరిచాడు.

"వాళ్ళకి చెప్పావా?"

"చెప్పేదేముంది? ఆ బిగింపు తీసేశా. నడుస్తోంది."

ఎవరివల్ల పని ఆగితే వాళ్ళ బల్లమీద, ఓ పాత సరంగు వదిలేసిన రబ్బరు బూటు పెట్టాలి. అది ఆ ఆఫీసు ఆచారం. కెర్రిన్ కిటికీ గట్టుమీదున్న ఆ బూటు తీసి తన బల్లమీదే పెట్టుకుంది.

"కొత్త కంపైలర్ పెట్టింది నేనేగా! నాదే తప్పు," అంది అందరితో.

అందరూ చప్పట్లు కొట్టారు. తప్పు చేశానన్నా ఆమెకే మెప్పు! ఆఖరికి తనకి రావలసిన బూటు కూడా ఆమెకేనా? అనుకున్నాడు డెస్మండ్.

ఐదింటికి వేళలు పడవలకు చేరాయి. హడావిడిగా కేకు కోశారు. లాకీ నాలుగు మంచి మాటలు చెప్పాడు, మూడు కెర్రిన్ గురించే.

"పబ్బుకి నడవండి, వస్తున్నా," అన్నాడు డెస్మండ్.

గది ఖాళీ అయ్యాక తన బల్ల తుడిచాడు. కప్పు సంచిలో వేసుకున్నాడు. కెర్రిన్ బల్ల దగ్గర కాసేపు నిలబడి, బూటు ఎత్తి తన బల్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. రేపు అందరికీ తెలుస్తుంది. తెలియనీ, ఇది నాది. దీపం ఆర్పి, పబ్బు వైపు కాకుండా బస్సు వైపు వెళ్ళిపోయాడు.

తుడిచిన బల్లమీద, మడమ అరిగిన ఎడమకాలి బూటు ఒక్కటే ఉంది.