నాలుగో అర్థం

నిఘంటువు సీడీ ప్రెస్సుకు వెళ్ళాల్సిన రోజు ఉదయమే, 'కాంట్రాక్ట్' అనే మాట కింద ఉండాల్సిన ఐదు అర్థాల్లో ఒకటి మాయమైందని టైపిస్టుల పని చూసుకునే నాగేశ్వరి కనిపెట్టింది.

అచ్చు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని మరోసారి సరిచూసింది. ఒప్పందం ఉంది. కుంచించుకుపోవడం ఉంది. కండరాలు బిగుసుకోవడం ఉంది. పని గుత్తకు తీసుకోవడం ఉంది. జబ్బు తగులుకోవడం మాత్రం లేదు. ఆ అర్థమూ, దాని ఉదాహరణ వాక్యమూ తడిగుడ్డ పెట్టి తుడిచినట్టు పోయాయి.

అది 1999. మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల మేడకు కూతవేటు దూరంలో, ఒక కిరాయి ఇంటి మేడమీద ఉంది ఆ ఆఫీసు. మద్రాసు పబ్లిషరు ఒకాయన తన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువును సీడీగా చేసి ఇమ్మన్నాడు. పని జరిగే పద్ధతి ఇదీ. ఒకే పేజీని ఇద్దరు మనుషులు, ఒకరి తెర ఒకరు చూడకుండా, విడివిడిగా టైపు చేస్తారు. కంప్యూటరు రెండింటినీ పోల్చి తేడా ఉన్నచోట ఆగుతుంది. తేడా లేకపోతే పాసు. డిస్కులో చోటు చాలదు కనుక ఆ తర్వాత మొదటి ఫైళ్ళు రెండూ చెరిపేస్తారు.

మేనేజరు రోహిత్ విషయం వినగానే తీర్పు చెప్పేశాడు.

"ఇద్దరూ ఒకే లైను ఎలా మిస్సవుతారండీ? ఒకరు కొట్టింది ఇంకొకరు కాపీ చేశారు. సింపుల్."

ఆ పేజీ కొట్టింది షారోన్, ఆరోన్. ఇద్దరిదీ మూసాపేట, ఒకే చర్చి, ఒకే బస్సు. ఆరోన్ అప్పటికే వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. మిగిలింది షారోన్. ఆమె కాంట్రాక్టు ఆ వారంతో ముగుస్తుంది. పొడిగించే కాగితం మీద సంతకం పెట్టబోయిన రోహిత్ పెన్ను మూసేశాడు. కాపీ కొట్టిందన్న పేరు పడితే ఆ రోడ్డు మీద ఇంకే కంపెనీ ఆ పిల్లను గడప తొక్కనివ్వదని నాగేశ్వరికి తెలుసు. సాయంత్రం దాకా ఆగమని అతన్ని బతిమాలుకుంది.

షారోన్‌ను పిలిచి అడిగితే, కళ్ళు తుడుచుకుంటూనే ఎదురు తిరిగింది.

"నేనేం కాపీ గొట్టలే మేడం. మీరే గద చెప్పిన్రు, కండ్లకు కనబడ్డది కొట్టు, బుర్రకు తోచింది కొట్టకు అని? ఆ మధ్యన ఒక మాటకు బుక్కుల ఐదో నంబరు తర్వాత ఆరు లేకుంట ఏడు పడ్డది. నేను గట్లనే ఏడు కొట్టిన. ఆరోన్ గూడ ఏడే కొట్టిండు. మీరే నవ్విన్రు, మంచి మొద్దులు దొరికిన్రని."

నాగేశ్వరి చప్పున తెర వైపు తిరిగింది. పుస్తకంలో జబ్బుది నాలుగో నంబరు, గుత్తపనిది ఐదో నంబరు. ఫైల్లో గుత్తపని నాలుగై కూర్చుంది! టైపు చేసేవాళ్ళు లైను వదిలేస్తే నంబర్ల మధ్యలో పన్ను ఊడినట్టు ఖాళీ కనబడాలి. ఈ వరసను ఎవరో పనిగట్టుకుని దిద్దారు. దిద్దే అలవాటు టైపిస్టులకు లేదు, ఉండకూడదని నేర్పిందే తను. పాసైన ఫైలు తెరవగలిగేది ఇద్దరే. ఒకరు తను. రెండోవారు పార్థసారథి మాస్టారు.

గుడివాడ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన పెద్దమనిషి ఆయన. భార్య పోయాక హైదరాబాదు వచ్చి, ఈ ఆఫీసులో అర్థాలు సరిచూసే పనికి కుదురుకున్నారు. మధ్యాహ్నం ఆయన క్యారేజీ విప్పుకుంటుంటే నాగేశ్వరి ఎదురుగా కూర్చుంది. అడగవలసింది అడగలేకపోయింది. షారోన్‌ను తీసేస్తున్నారని, ఎందుకో, ఏ మాట దగ్గరో మాత్రం చెప్పింది.

మాస్టారు కలిపిన ముద్ద కలిపినట్టే వదిలి క్యారేజీ మూత పెట్టారు.

"నేనే తీసేశానమ్మా" అన్నారు. "ఆ ఉదాహరణ చూశావుగా. భర్త నుంచి ఆమెకు క్షయ తగులుకుంది, అని. రాసినవాడు ఊరికే రాసుంటాడు. నాకు దగ్గు మొదలైనప్పుడు, సుద్దముక్క దుమ్మేనని మా ఆవిడ పుణ్యవతికి చెప్పాను. డాక్టరు జబ్బు పేరు చెప్పాక కూడా అదే చెప్పాను. కాలేజీలో పొక్కితే పరువు పోతుందని భయం. నా ఎంగిలి కంచంలోనే తినేది. మందులు నాకు పట్టాయి, ఆవిడకు పట్టలేదు. చివరిదాకా ఆవిడ, 'ఈ జబ్బు నాకెక్కణ్ణించి వచ్చిందో' అనే అనుకుంది, నేను ఊ కొట్టాను. మిగతా అర్థాలు మామూలుగానే సరిచూశాను. ఆ నాలుగోదాని దగ్గర చెయ్యి ఆగలేదమ్మా, చెరిపేసింది. ఖాళీ కనబడకూడదని ఐదును నాలుగు చేసింది కూడా నేనే. అది ఆ పిల్ల మెడకు చుట్టుకుంటుందని తోచలేదు. ఒకసారి దాచి మనిషిని పోగొట్టుకున్నవాణ్ణి, తోచాల్సింది. నువ్విక్కడే ఉండు. రోహిత్‌కు నేనే చెబుతాను. వచ్చాక ఆ వాక్యం మళ్ళీ నా చేత్తోనే కొడతాను. ఉన్నది ఉన్నట్టు, నాలుగో నంబరులో."