లోపల గడియ పెట్టుకునే గది

బీన్స్‌కి ఈనెలు తీస్తోందన్న మాటేగానీ ఆమె కళ్లు కూతురి ల్యాప్‌టాప్ మీదే ఉన్నాయి. కూతురిది ఇళ్లకి ప్లాన్లు గీసే ఉద్యోగం. పాత ఇల్లు పడగొట్టి అదే స్థలంలో కట్టబోయే ఇంటికి ఎవరెవరికి ఏం కావాలో కంప్యూటర్‌కి చెబుతోంది. వెలుతురు పెంచితే వేడి పెరుగుతుంది, వేడి తగ్గిస్తే ఖర్చు పెరుగుతుంది. అన్నీ సరితూగే ఇంటిని అది వందల బొమ్మలు గీసి మరీ వెతుకుతుందట.

అత్తగారు ఎండ పడే గది అడిగారు. భర్త కారుకి నీడ అడిగాడు. ఆమె తన భయాలన్నీ అప్పజెప్పింది. బాత్రూంలో అత్తగారు జారిపడితే? దొంగలు కిటికీ ఊచలు కోస్తే? వాన నీళ్లు కరెంటు తీగల్లోకి దిగితే?

"ఇవన్నీ మా గురించేనమ్మా. నీకేం కావాలి?"

"నాకేముంటాయే. మీరు చల్లగా ఉంటే చాలు."

అన్నిటిలోకీ మేలైన ఇల్లు తెర మీదికొచ్చింది. వంటగది కిటికీ లేకుండా ఓ మూలకి నక్కి ఉంది.

"ఇదేంటే ఇలా?"

"ఎవరూ ఏమీ అడగని చోటునే అది కోసుకుంటుందమ్మా."

ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. పెళ్లయిన కొత్తలో కుట్టుమిషన్‌కి కాస్త చోటడిగితే "ఇల్లంతా నీదేగా" అన్నాడు భర్త. నిజమే, తుడవడానికి, సర్దడానికి ఇల్లంతా తనదే. మిషన్ మాత్రం అటకెక్కింది. కన్నతల్లి పోయిన కబురొచ్చిన రోజు కూడా, వినపడితే అత్తగారికి బీపీ పెరుగుతుందేమోనని, బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. నీళ్లు వృథా అవుతున్నాయని ఎవరో తలుపు కొట్టారు.

"రాసుకో," అంది తలెత్తకుండా. "ఒక చిన్న గది. లోపల గడియ ఉండాలి."

అత్తగారు నవ్వారు. "ఎవర్ని తప్పించుకోవడానికే?"

కూతురు మీట నొక్కింది. ఎంతసేపటికీ బొమ్మ రాలేదు. "అందరివీ కలిపి ఇల్లు కుదరదంటోందమ్మా."

"చూశావా," అన్నాడు భర్త పేపరు మడుస్తూ. "ఇప్పటిదాకా హాయిగా కుదిరింది. నువ్వు నోరు తెరిచావు, ఇల్లే లేకుండా పోయింది."

ఇన్నేళ్లూ ఆమె భయపడింది ఇందుకే. తనకంటూ ఒకటడిగితే ఇల్లు నిలవదని. 'పోనీలే, తీసెయ్యి' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కూతురి వేలు అప్పటికే ఆ గదిని తీసేసే మీట మీద ఆగి ఉంది. అమ్మ ఆ మాటే అనడం కూతురికీ అలవాటే.

"అది తియ్యకు," అంది ఆమె. "వాళ్లనడుగు, ఎవరేం తగ్గించుకుంటారో."