దర్వాజ కాడి రోలు

ఈరవ్వ గుండ్రటి పుట్టి పడవను బోర్లించి అడుగున తారు పూస్తోంది. వెదురు బద్దల మీద బిగించిన పట్టా చిట్లిన చోటల్లా గుడ్డపీలికతో అద్దుతోంది. పెళ్లై వచ్చిన నాటినుంచి ఈ పని ఆమెదే. ఎక్కడం మాత్రం లేదు. చేపలు పట్టేవాడి పెండ్లాం పుట్టిలో కాలు పెడితే వల వట్టిగా వస్తుందని అత్త అనేది. అత్త పోయినా భర్త లస్మయ్య ఆ మాట వదల్లేదు.

ఇంటి ముందే ప్రాజెక్టు నీళ్లు. నీళ్ల నడుమ గుట్ట, దానిమీద పాత కోట. కట్ట కట్టకముందు కోట కింద ఊరుండేది. ఈరవ్వ అమ్మమ్మ అక్కడే పుట్టింది. కోట దర్వాజ పక్కన బండలో తొలిచిన రోట్లో జొన్నలు దంచేవాళ్లమని చెప్పేది. ఆ రోలు ఇంకా ఉందా అని ఈరవ్వ ఎన్నోసార్లు అడిగింది.

"ముండ్లు, రాళ్లు. ఇంకేముంటది?" అనేవాడు లస్మయ్య.

ఈమధ్య కోట చూడటానికి జనం వస్తున్నారు. వాళ్లకు దాని చరిత్ర చెప్పేందుకు ఎల్లారెడ్డి నుంచి సుష్మిత అనే అమ్మాయి వస్తోంది. లస్మయ్య పుట్టిలోనే వెళ్తుంది. నీళ్లమీద ఆమె నవ్వు ఒడ్డుదాకా వినిపిస్తుంది. అది వినిపించినంతసేపూ కూలికి చుట్టే బీడీ ఈరవ్వ చేతిలో ముడిపడదు.

"ఆ పోరి ఎక్కితె చేపలు పడ్తయా?" అని ఒకనాడు అడిగేసింది.

"ఆమె నా పెండ్లామా ఏంది?" అని నవ్వాడు లస్మయ్య.

తారు ఆరాక లస్మయ్య పుట్టిని నీళ్లలో వేసి, అన్నానికి ఇంటికొచ్చాడు. ఈరవ్వ రొట్టె తడుతోంది.

"ఇంకో రెండు ఎక్కువ చెయ్యి. ఆ పిల్ల పొద్దుగాల ఏం తినలేదట. ఒడ్డు మీద కూసుంది."

"నా చేతుల తారు వాసనొస్తది. తింటదా?"

"తింటది, మంచి పిల్ల. నిన్న దర్వాజ కాడ రోట్ల కూసుండి ఫోటో దిగింది. నవ్వలేక సచ్చిన."

ఈరవ్వ చేయి ఆగింది. "ఏ రోట్ల?"

"బండ రోలే. ముండ్లు కొట్టి, తనే కడిగింది. ఇన్నేండ్లు నేను సూడనే లే."

"సూడలేదా, సూడబుద్ది కాలేదా?"

లస్మయ్య కాళ్లు కడుక్కోవడానికి వంగాడు. ఈరవ్వ లేచింది. కొంగు నడుముకు బిగించి, చెప్పులైనా తొడుక్కోకుండా గడప దాటింది.

"యాడికే? పుట్టి దిక్కు పోకు! ఓ ఈరవ్వా!"

ఆమె వెనక్కి తిరగలేదు. నీళ్లమీది పుట్టి వైపు దిగిపోయింది.

పీట మీద సగం తట్టిన రొట్టె, దానిమీద ఐదు వేళ్ల గుర్తులు.