చుక్కడికి బెల్లం ముక్క

ఆ పొద్దున ఆకాశం తెల్లగా, తడిగా కాలవ మీదికి దిగి ఉంది. అంత మంచులో ఎదురొచ్చే లారీ కనపడదు, హారనే వినపడుతుంది. రత్తయ్య వినాలనుకున్నదీ దాన్నే, భయపడుతున్నదీ దానికే.

కిందటేడు, తొంభై మూడులో, ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరకు తోలుతుంటే ఈ వంతెన మీదే ఒక లారీ హారను కొట్టి, బండిని ఒరుసుకుంటూ పోయింది. చక్రం అంచున వేలాడింది. రత్తయ్య ప్రాణభయంతో పగ్గాలు లాగితే కాడి ఎద్దుల్లో ఒకటైన చుక్కడి ముక్కులో నెత్తురొచ్చింది. అప్పట్నుంచి హారను వింటే చాలు, ఆ ఎద్దు బండితో సహా పొలాల్లోకి దూకబోయేది. కొట్టినా మానలేదు. సంతకు తోలేద్దామన్నాడు రత్తయ్య. సంతలో బెదురు ఎద్దును కొనేది కోతకేనని భార్య సుబ్బరత్నానికీ తెలుసు. ఆమె ఒప్పుకోలేదు. బండి మీద పక్కన కూర్చుని ఆమె ఒకటి గమనించింది.

"హారనుకి ముందు బెదిరేది అది కాదయ్యా, నువ్వు. నీ చెయ్యి బిగిసిద్ది, దాని ముక్కు తెగిద్ది. ఇంక దానికి హారనంటే నొప్పి కాక మరేంటి?"



వీధిలో ఐసుబండి ఏసుపాదం రబ్బరు హారను నొక్కితే, ఐసు కనపడకముందే పిల్లలకు నోరూరడం సుబ్బరత్నం రోజూ చూసేదే. ఎండలు రాగానే అతన్ని పిలిపించింది. అతను దొడ్డి చివర నుంచి మెల్లగా హారను నొక్కేవాడు. వెంటనే రత్తయ్య చుక్కడి నోట్లో బెల్లం ముక్క పెట్టేవాడు. పగ్గం ముట్టుకోకూడదని ఆమె షరతు. మొదట్లో చుక్కడు పలుపు తెంపుకోబోయాడు. తర్వాత్తర్వాత చెవులు నిలబెట్టి ఊరుకున్నాడు. ఏసుపాదం రోజుకింత దగ్గరికి జరిగాడు.

"పిల్లలైతే డబ్బులిచ్చి తింటారు బాబాయ్. నీ ఎద్దు నా హారనుకి ఊరికే మేస్తంది" అన్నాడొకనాడు.

ఇక మిగిలింది వంతెన. మళ్ళీ బెదిరితే సంతకేనని రత్తయ్య ముందే చెప్పాడు.

ఆ మంచు పొద్దున, పక్కన సుబ్బరత్నం కూర్చుని ఉండగా బండి వంతెనెక్కింది. మంచులోంచి లారీ హారను గట్టిగా మోగింది. రత్తయ్య చెయ్యి దానంతటదే బిగిసింది. ఆ పగ్గం సడలించడం అతనికి బండెడు చెరకు ఎత్తినంత పనయింది. చుక్కడి ఒళ్ళు జలదరించింది. అడుగు పక్కకు పడబోయి ఆగింది. లారీ దాటిపోయింది. చుక్కడు మెడ వెనక్కి తిప్పి నాలుక చాపాడు.

రత్తయ్య ముందుకు వంగి దాని నోట్లో బెల్లం పెట్టి, సుబ్బరత్నం వైపు తిరిగాడు.

"ముందు నాకు పెట్టాల్సింది" అన్నాడు.

ఫ్యాక్టరీ బయట బళ్ళ వరసలో కాడి దించి, ఇద్దరూ చద్దిమూట విప్పారు. పక్కన చుక్కడు చెరకాకు నములుతున్నాడు. రోడ్డు మీద ఇంకో లారీ హారను కొట్టింది. ఎవరూ తల ఎత్తలేదు.