కదలకూడని కుండీ

రిటైరైన ఆ బస్సు డ్రైవరుకి ఇంట్లో కాలు నిలవదు. కాలు కాలిన పిల్లిలా వంటింటికీ వీధిగుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉంటాడు. అందులో ఆయన తప్పు సగమే. మిగతా సగం జ్వరానిది. ఆ పాడు జ్వరం ఆయన భార్యను వదిలిపోతూ పోతూ వాసన పట్టే గుణాన్ని వెంట పట్టుకుపోయింది. ఇప్పుడామెకు మల్లెపూలైనా మురుగుకాలవైనా ఒకటే.

ఆమె ఆసుపత్రి క్యాంటీన్లో వంటమనిషి. గిన్నె మూత తీసి వాసన చూసే ఉప్పు చాల్లేదని చెప్పేది. అలాంటిది, ఒకరోజు గ్యాసు లీకవుతుంటే పక్కనే నిలబడి తాపీగా ఉల్లిపాయలు తరుగుతోంది. మేనేజరు మంచివాడే. "వాసన తెలిశాక రా అమ్మా" అన్నాడు. ఆనాటి నుంచి ఆమె ఇంట్లో కూడా పొయ్యి దగ్గరికి వెళ్ళడం మానేసింది. గుమ్మం మెట్టు మీద కూర్చుని వీధిని చూసేది. వంట ఆయన నెత్తిన పడింది. ఆయన చేసే పప్పు సంగతి ఎత్తకపోవడమే మర్యాద.

ఇష్టమైన వాసనలు రోజూ చూపిస్తూ ఉండండి, తిరిగి రావచ్చు అన్నాడు డాక్టరు. ఆమెకు ప్రాణమైన వాసన ఒక్కటే, గంధరాజం. ఏడాది పొడవునా పచ్చగా నిగనిగలాడే ఆ పొదను మెట్టు పక్కన కుండీలో ఆమే పెంచింది. సరిగ్గా అప్పుడే అది మొగ్గ తొడిగింది. ఆయన ఆశలన్నీ ఆ మొగ్గల మీదే పెట్టుకున్నాడు.

ఆశపడ్డ మనిషి ఊరుకుంటాడా? పొద్దున్నే ఎండ కోసం కుండీని గోడ దగ్గరికి జరిపాడు. మధ్యాహ్నం ఎండ ఎక్కువైందని నీడకు లాగాడు. సాయంత్రం గాలి కోసం గేటు దగ్గరికి చేర్చాడు, రాత్రికి మళ్ళీ మెట్టు పక్కకే తెచ్చాడు. బండి కదిలితేనే పని జరిగినట్టని జీవితమంతా నమ్మిన మనిషి మరి. మొగ్గలు పసుపెక్కి రాలిపోసాగాయి. రాలేకొద్దీ ఆయన ఇంకా తిప్పాడు.

చివరికి భార్య నోరు విప్పింది.

"ఏవండీ, అది మొక్కా, మీ బస్సా?"

"ఎండ తగలొద్దూ?"

"గంధరాజం మొగ్గేసిందంటే కుండీని అంగుళం కూడా కదపకూడదు. మీరేమో దాన్ని ఊరేగిస్తున్నారు."

"ముందే చెప్పొచ్చుగా."

"చెప్పి ఏం లాభం? పూస్తే మాత్రం నాకేం తెలుస్తుంది?"

ఆ మాటకి ఆయన ప్రాణం ఉసూరుమంది. ఏడుపొచ్చింది. ఆమె చూడకుండా పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఆకుల చాటున ఒక్క మొగ్గ మిగిలింది. దాన్ని చూసినప్పుడల్లా ఆయన చేతులు ఊరుకునేవి కావు. రెండు చేతులూ చంకల్లో ఇరికించుకుని, కుండీకి ఆమడ దూరంలో పచార్లు చేసేవాడు.

ఒక సాయంత్రం కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టి, అలవాటుగా గుమ్మంలోంచి తొంగిచూశాడు. మొగ్గ విచ్చుకుంది. తెల్లగా, గుప్పెడంత పువ్వు. వాసన గుప్పుమంది. కోయడానికి చెయ్యి రాలేదు. మెట్టు మీదున్న భార్యను కుండీ వైపు జరిపి, "చూడు" అన్నాడు.

ఆమె వంగి ఊపిరి పీల్చింది. మళ్ళీ పీల్చింది.

"తెలిసిందా?"

"లేదండీ."

ఆయన ఆమె పక్కనే కూలబడ్డాడు. ఇక జరపడానికి ఏమీ లేదు, తిరగడానికి ఓపికా లేదు. ఇద్దరూ పువ్వును చూస్తూ ఉండిపోయారు. పెళ్ళయ్యాక ఆయన అంతసేపు కుదురుగా కూర్చోవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

ఉన్నట్టుండి ఆమె తలెత్తింది.

"ఏవండీ, పొయ్యి మీద ఏం పెట్టారు?"

"పాలు." అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. ముక్కు నిండా గంధరాజమే ఉండటంతో ఇంకే వాసనా తెలియలేదు.

"మాడిపోతున్నాయి" అంది ఆమె.

ఆయన గాభరాగా లేవబోయాడు. ఆమె ఆయన చొక్కా పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. కళ్ళు మూసుకుని గుండె నిండా ఊపిరి తీసుకుంది.

"కూర్చోండి. ఇంకాస్త మాడనివ్వండి."