కడుపులో మాట

ఏది ముందు జరిగిందో ఏది వెనక జరిగిందో ఈమధ్య నాకు కలిసిపోతోంది. వాన ముందొచ్చిందా, గ్రీకు మాస్టారి అంగీ ముందొచ్చిందా అంటే ఒట్టేసి చెప్పలేను. అంగీయే ముందనుకుందాం.

ఇస్త్రీ వదిన పొద్దున ఏడింటికి బల్లమీద పాత దుప్పటి నాలుగు మడతలుగా పరిచేది. నీళ్ళు చిలకరించిన బట్టల్ని గట్టిగా చుట్టి ఓ పక్కన పెట్టేది. తర్వాత ఇస్త్రీ పెట్టెని రెండు చేతుల్తో ఎత్తి, తడిగుడ్డ మీదుగా తన పొట్టకి ఆనించుకుని, సుయ్యిమనేదాకా నిలబడేది. బొగ్గుల్లేవు, కరెంటు తీగ లేదు. ఆమె కడుపుమంటే ఆ పెట్టెకి వేడి. ముసురు పట్టిన రోజుల్లో వీధిలోవాళ్ళు తడి మేజోళ్ళు తెచ్చి ఆమె పక్కన ఆరబెట్టుకునేవారు. "వదినా, కాస్త ఇటు తిరుగు, ఎడంకాలిది ఇంకా ఆరలేదు" అనేవారు. ఆమె తిరిగేది.

ఆ మంట పద్నాలుగేళ్ళ కిందట అంటుకుంది. ఎనిమిదేళ్ళ కూతురికి ఆయాసం ఎక్కువైతే ఎదురుగా ఉన్న మందుల షాపుకి పరిగెత్తింది. మధ్యాహ్నం ఒకటిన్నర. షట్టరు దించి ఉంది. షాపాయన్ని వీధంతా కాంపౌండరు అంటారు. లోపల నడుం వాల్చాడు. వదిన రెండు చేతుల్తో షట్టరు బాదింది. "మూడింటికి రా" అన్నాడు, లేవకుండానే. రెండున్నరకి పిల్ల పోయింది. మూడింటికి షట్టరు లేచింది. వరసలు మర్చిపోతానేమో గానీ ఈ మూడు టైములూ నేను మర్చిపోను.

అప్పట్నించి వదినకి ఒక్కటే కోరిక. ఆ మనిషి ఏదో ఒకరోజు తన గుమ్మంలో నిలబడి దేనికో బతిమాలుకోవాలి. తను "మూడింటికి రా" అని తలుపెయ్యాలి. ఆ మాట తుప్పు పట్టకుండా రోజూ లోపల అనుకునేది, కాలరు దగ్గర ఒకసారి, చేతుల దగ్గర ఒకసారి. ఎదురుగా షట్టరు చప్పుడైతే పెట్టె ఇంకాస్త కాగేది.

చర్చి బళ్ళో వాక్యం చెప్పే మాస్టారు శనివారాలు తెల్ల అంగీ తెచ్చేవాడు. గ్రీకు చదివినవాడు. ఓ శనివారం అంగీ బల్లమీద పెట్టి కదల్లేదు.

"ఏమైంది మాస్టారూ, గుండీ ఊడిందా?"

"మాట ఊడింది వదినా. ఒక్కగానొక్క కొడుకు పోయి, పాడె వెనక నడుస్తున్న విధవరాలిని ప్రభువు చూశాడు. చూసి కనికరపడ్డాడని మన పుస్తకంలో ఉంది. గ్రీకులో అంత మెత్తగా లేదు. స్ప్లాంఖ్నా అంటే పేగులు, కాలేయం, లోపలున్నదంతా. ఆయనకి లోపలున్నదంతా కదిలిపోయిందని అర్థం. రేపు పేగులు కదిలాయంటే జనం నవ్వుతారు."

"దానికంత గ్రీకెందుకండీ? కడుపు తరుక్కుపోయింది అనండి."

మాస్టారు పెన్ను తీసి అరచేతిలో రాసుకున్నాడు.

"మా పిల్ల పోయిన రోజు ఎదురు షాపులో ఎవరి పేగూ కదల్లేదు. అది కూడా చెప్పండి రేపు."

"ఇంకో సంగతుంది," అన్నాడాయన నెమ్మదిగా. "పాతకాలం గ్రీకులు కోపం కూడా అక్కడే ఉంటుందన్నారు. రెండింటికీ చోటొకటే."

"తెలిసినవాళ్ళే," అంది వదిన, పెట్టెని పొట్టకి ఆనించుకుంటూ.

ఆదివారం ఆయన కడుపు తరుక్కుపోయిందనే చెప్పాడు. ఎవరూ నవ్వలేదు.

ఆ తర్వాత వాన. నాలుగు రోజులైనా ఆగలేదు. కరెంటు పోయింది, వంతెన మీదకి నీళ్ళొచ్చి పెద్దాసుపత్రికి దారి తెగింది. ఐదో రోజు మధ్యాహ్నం కాంపౌండరు వదిన గుమ్మంలో నిలబడ్డాడు. వెనక అతని కూతురు, చేతుల్లో నెలలు నిండకుండా పుట్టిన ఆడపిల్ల. గుడ్డ తీసేస్తే అరచేతికి కాస్త ఎక్కువ.

"ఒంట్లో వేడి నిలవట్లేదు చెల్లెమ్మా. వేణ్ణీళ్ళ సీసాలు పెట్టాం, చల్లారిపోతున్నాయి. నీ దగ్గరైతే..."

వదిన గోడ గడియారం చూసింది.

"మూడింటికి రా," అని తలుపేసింది.

ఎంత తియ్యగా ఉంటుందో అనుకుంది. ఉంది కూడా. తలుపు సందులోంచి చూస్తే అతను మెట్టుమీద కూలబడి ఏడుస్తున్నాడు. ఏడవనీ, ఇంకాసేపు ఏడవనీ అనుకుంది. అప్పుడు గుడ్డలోంచి పిల్ల కూసింది. ఏడుపు కూడా కాదు, తడి చెప్పు కిర్రుమన్నట్టు. వదిన కడుపులో ఏదో మెలిపడింది. ఆమె రమ్మనలేదు దాన్ని. "ఛీ, పాడు కడుపు" అని తన పొట్టనే తిట్టుకుని తలుపు తీసింది.

"పిల్లనిలా ఇవ్వు," అంది అతని కూతురితో. "ఆ మనిషి లోపల అడుగుపెడితే కాళ్ళు విరగ్గొడతా."

నాలుగు మడతల గుడ్డ అడ్డం వేసి పిల్లని పొట్టకి ఆనించుకుంది. పెదాల నీలం పోయింది. కానీ ఆ మొహం చూస్తున్నకొద్దీ మంట తగ్గింది. గంటలో గోరువెచ్చనైంది.

"అత్తా, కాళ్ళు మళ్ళీ చల్లబడుతున్నాయి!"

"మీ నాన్నని పిలు. కిటికీ దగ్గర నిలబడమను."

వానలో నిలబడ్డాడు. ఆ మొహం చూడగానే భగ్గుమంది. పిల్ల ఉలిక్కిపడింది. "చాలు, పో అవతలికి!" చల్లారితే మళ్ళీ పిలుపు. పిల్లని చూస్తే జాలి, కిటికీలోకి చూస్తే కసి. మెడ అటూ ఇటూ తిప్పుతూ వేడి సరిపెట్టింది. వాన వెలిశాక డాక్టరు వచ్చి, పిల్లకి ఇదే మంచి చోటు, కదపొద్దన్నాడు. మాస్టారు ఒకరోజు గుమ్మంలోంచి ఈ మెడ తిప్పడం చూసి, చెప్పులు విప్పి నిలబడ్డాడు.

పదో రోజుకి ఉత్త మొహం చాల్లేదు.

"చెప్పు, ఆ రోజు ఏం చేశావ్?"

"పడుకున్నాను."

"ఇంకా?"

"నీ గొంతు గుర్తుపట్టాను."

అది ఆమెకి తెలీదు. పిల్లకి ఇంకో రెండు గుడ్డలు అడ్డం వెయ్యాల్సొచ్చింది.

"మరెందుకు లేవలేదు?"

"బద్ధకం చెల్లెమ్మా. ఇంకే కారణమూ లేదు."

రోజూ చెప్పించింది. వీధి వినేలా చెప్పించింది. చెప్పి చెప్పి అతని భుజాలు కుంగిపోయాయి. వదిన ఒక్క రోజూ మినహాయించలేదు. నలభయ్యో రోజున పిల్ల వీధి చివరిదాకా వినబడేలా ఏడ్చింది. తల్లి ఇంటికి తీసుకెళ్ళింది.

మర్నాడు మధ్యాహ్నం అతను మళ్ళీ కిటికీ దగ్గరున్నాడు. వదిన చూసింది. ఏమీ కాగలేదు. పొట్టమీద చెయ్యి వేసుకుంది. అందరి పొట్టలాగే ఉంది.

"పిల్లని తీసుకెళ్ళారుగా, ఇంకెందుకొచ్చావ్?"

"ఈ టైముకి ఇంట్లో ఉండలేకపోతున్నా. కన్ను మూస్తే షట్టరు బాదుతున్నట్టుంటుంది."

"ఉండనీ," అంది వదిన. బకెట్లో అప్పుడే జాడించిన డబుల్ దుప్పటి ఉంది, ఒక్క మనిషి పిండేది కాదు. "లోపలికి రా. అటు కొస పట్టుకో. క్షమించాననుకునేవు, అదేం లేదు."

అతను పట్టుకున్నాడు. ఇద్దరూ చెరోవైపు మెలిపెట్టారు. మధ్యలోంచి నీళ్ళు ధారగా కారాయి. అతను చేతులు సడలించబోయాడు.

"ఇంకా గట్టిగా," అంది వదిన. "ఇంకా ఉంది అందులో."