కాసులమ్మ చూపిన నీళ్లు

నలభై మూడో మొక్క. కాసులమ్మ నేలబావి గట్టెక్కి వచ్చి, కుడిచేతి కుండను కొబ్బరిమొక్క మొదట్లో వంచి, నీళ్లు ఇసకలోకి ఇంకేదాకా చూసి, ఎడమచేతి కుండను పక్క మొక్కకి వంచింది. మళ్లీ బావిలోకి దిగింది. వెనకే చిన్న ముంత పట్టుకుని పదకొండేళ్ల కాంతం దిగింది. ఆ పిల్ల తోట ఆసామి నారాయణరావు కూతురు. ఆమె చెయ్యాల్సిన పని కాదది, చెయ్యకూడని పని కూడాను. అయినా నెల రోజులుగా తెల్లారకముందే దొడ్డిదారిన వచ్చి ఆ ముసలిదాని వెంట తిరుగుతోంది.

సముద్రపు ఒడ్డున ఉన్న ఉద్దానం ఇసక ఎన్ని నీళ్లు పోసినా తాగేసి ఇంకా అడుగుతుంది. కాసులమ్మ యాభై ఏళ్లుగా పోస్తూనే ఉంది. పద్నాలుగేళ్లకి మొగుడు పోయాడు. మైల తీరిన మర్నాటి నుంచి ఇదే బావి, ఇవే మెట్లు. భుజాలు ముందుకి వంగిపోయాయి, చేతులు మోకాళ్ల దాకా సాగినట్టుంటాయి. వేళ్ల కణుపుల మీద కుండ మెడ ఒరుసుకున్న చోట చర్మం కాయకాచి నల్లబడింది. పాదాలు వెడల్పు, వేళ్లు విడివిడిగా ఉంటాయి. ఇసకలో అడుగు చూస్తే అది కాసులమ్మదని ఊళ్లో ఎవరైనా చెబుతారు. అంతకుమించి ఆమె గురించి చెప్పమంటే ఎవరి దగ్గరా మాట ఉండదు.

ఆ ఊరి పొలిమేరలో ఈ పాతబావి కాక తియ్యటి నీళ్లున్న బావులు పదకొండు. పదకొండింటికీ చోటు చూపించింది ఆమే. ఎండెక్కుతున్నప్పుడు ఇసక మీద మంచు ఏ జాగాలో ఆలస్యంగా ఆరుతుందో చూస్తుంది. అక్కడ మోచేతి లోతు తవ్వి, చిటికెడు తడి ఇసక నాలుక కొసన పెట్టుకుంటుంది. కళ్లు మూసుకుని కాసేపు నిలబడుతుంది. తరవాత అయితే ఉమ్మేసి ముందుకి నడుస్తుంది, లేకపోతే మడమతో గుర్తు పెడుతుంది. ఇంతే ఆ విద్య. కాంతానికి మాత్రం దానిముందు మరే విద్యా కంటికి ఆనలేదు.

"మింగకు బొట్టె, నాలిక కొసన ఉంచు," అని నేర్పింది మొదటిరోజు. "సల్లగుంటే మంచిది. ఎనకాల సిమసిమ అంటే ఒగ్గేయ్. ఈ ఒడ్డున మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేల్తంటాయి. పైపైన తీసుకోవాల. ఆశకొద్దీ లోనికెళ్తే ఉప్పు లేస్తాది."

కాంతం ఈమె వెంట ఎందుకు పడిందో చెప్పాలి. ఆ ఏడు వీధిబడి మేష్టరు మగపిల్లల్ని, పెద్దయ్యాక ఎవరిలా అవుతార్రా అని అడిగాడు. ఒకడు మునసబు అన్నాడు, ఒకడు పూండి స్టేషను మాస్టరన్నాడు, ఒకడు వాళ్ల బావ అన్నాడు. అరుగు కింద నిలబడి విన్న కాంతం ఇంటికొచ్చి, నేనెవరిలా అవ్వాలే అని తల్లి గౌరమ్మని అడిగింది. మీ మేనత్త రత్నాలమ్మలా అవ్వు అంది గౌరమ్మ. నందిగాంలో ఉన్న ఆ మేనత్త గొప్పతనమేమిటంటే, ఇరవై ఏళ్లుగా ఆమె గొంతు పక్కింటివాళ్లకి వినబడలేదు. మొగుడు వేరే కాపురం పెట్టి నెలకోసారి గుమ్మంలోకొస్తే చెంబుతో నీళ్లిచ్చి కాళ్లు కడుగుతుంది. కాంతం అక్కడ రెండు రోజులుండి చూసొచ్చింది. అన్నం సహించలేదు.

పురాణం చెప్పే ఆయన కథల్లో వెతికింది. ఒకావిడ మంటల్లో దిగింది, ఒకావిడని జూదంలో ఒడ్డారు, ఒకావిడని అంగట్లో నిలబెట్టి అమ్మారు. వింటున్న ఆడవాళ్లందరూ కళ్లొత్తుకుని, ఎంత పుణ్యాత్మురాళ్లో అన్నారు. వాళ్లకి కోపం ఎందుకు రాదో కాంతానికి అర్థం కాలేదు. ఒకసారి పూండి స్టేషనులో, టెక్కలి ఆడపిల్లల బడిలో చదువు చెప్పే ఆవిడ కనిపించింది. గొడుగు, చెప్పులు, కళ్లజోడు. తన టిక్కెట్టు తనే కొనుక్కుంది. కాంతం ఆమె వెనకాలే రైలుపెట్టె దాకా పోయింది. నారాయణరావు రెక్క పుచ్చుకు లాగాడు. "అది మతం పుచ్చుకున్న మనిసి. ఇంటోళ్లు ఒదిలీసినారు," అన్నాడు. చేతనైన పని ఒకటి చేసి బతుకుతున్న ఏ ఆడదాని గురించి అడిగినా, చివరికి ఆమెని ఎవరు వదిలేశారో చెప్పేవారే తప్ప ఆ పని సంగతి ఒక్కరూ చెప్పరు.

అలాంటి పిల్లకి కాసులమ్మ దొరికింది. తల్లితో ఆ మాట అంటే గౌరమ్మ చేతిలో గరిటె జారవిడిచింది. "ముండమోపినాగ అవుతానంటావేటే. నోరు కడుక్కో ముందు," అంది. కాంతం నోరు కడుక్కోలేదు. మనసులో ఒక పందెం వేసుకుంది. తండ్రి మూడొందల కొబ్బరిమొక్కలతో కొత్తతోట వేశాడు. దానికి బావి చోటు కాసులమ్మే చూపించింది. ఇవాళే తవ్వకం. నీళ్లు తియ్యగా పడతాయి, అందులో అనుమానం లేదు. అప్పుడు తండ్రి నలుగురి ముందు ఒక్కసారి కాసులమ్మ పేరెత్తితే చాలు. ఈ ఊళ్లో తను చూసి పెరగదగ్గ మనిషి ఉన్నట్టే. ఎత్తకపోతే? అది ఆలోచించడానికి మనసొప్పలేదు.

కుండలు బోర్లించి ఇద్దరూ కొత్తతోటకి వెళ్లేసరికి తవ్వకం మేస్త్రి త్రినాథ మట్టి వరలు దింపిస్తున్నాడు. కాల్చిన మట్టితో చేసిన పెద్ద కంకణాలవి. బావి తవ్వుతూ ఇసక కూలిపోకుండా ఒకదాని మీద ఒకటి దించుతారు. కాసులమ్మ తన గుర్తు దగ్గరికి పోయి మరోసారి మడమతో గట్టిగా నొక్కింది.

"ఇక్కడ త్రినాథా. నాలుగు వరలు. ఐదోది దింపకు. బూడిదరంగు ఇసకొచ్చి దాన్లో గవ్వముక్కలు అగుపడితే ఆపీయాల."

"సర్లే కాసులప్పా, ఎలిపో మరి. బాబొస్తన్నారు. ముహూర్తంకాడ నువ్వు ఎదురు పడొద్దని పంతులుగారు మరీమరీ సెప్పినారు." త్రినాథ ఆ మాట ఆమె మొహంకేసి చూడకుండా అన్నాడు. చెడ్డవాడేం కాదు. అలా అనడం వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నాడు.

కాసులమ్మకి ఇది పన్నెండోసారి. పదకొండు బావులకీ చోటు చూపించగానే ఇలాగే పంపేశారు. ఏ బావిలోనూ మొదటి చేద పడగా ఆమె చూడలేదు. "ఎల్తన్నానులే," అని చెంగు దులుపుకుని, దూరంగా ఇసకదిబ్బ మీద మొగలిపొద దగ్గరికి పోయి కూర్చుంది. కూర్చున్నది కూడా తవ్వకం కేసి వీపు పెట్టి. తన చూపు పడి బావి చెడిందని ఎవరూ అనకుండా, ఎవరూ చెప్పకుండానే, యాభై ఏళ్లుగా అలాగే కూర్చుంటోంది. కాంతానికి ఒళ్లు మండింది.

నారాయణరావు జరీ ఉత్తరీయంతో వచ్చాడు. పంతులు మంత్రం చదివాడు, కొబ్బరికాయ కొట్టారు, మగవాడి చేత్తో మొదటి పార పడింది. ఒక వర దిగింది, రెండోది దిగింది. మూడో వర దిగేసరికి ఇసక ముద్ద కట్టింది. నాలుగో వరకి అడుగునుంచి నీళ్లు బుడబుడా ఊరాయి. త్రినాథ రాగిచెంబుతో ముంచి పైకందించాడు. నారాయణరావు పుక్కిట పట్టి మింగి, కళ్లు మెరిసిపోతూ చెంబు చుట్టూ ఉన్నవాళ్లకి అందించాడు.

"కొబ్బరినీళ్లే బాబూ," అన్నారు అందరూ.

"మా తాత సేసుకున్న పున్నెం," అన్నాడు నారాయణరావు.

"ముహూర్తబలం నాయనా," అన్నాడు పంతులు.

"నా సేతివాటం కూడా ఉందండి," అన్నాడు త్రినాథ నవ్వుతూ.

కాంతం ఇంకో పేరు కోసం ఎదురుచూసింది. ఒకరి మొహం తరవాత ఒకరి మొహం చూసింది. చెంబు ఖాళీ అయింది. ఆ పేరు ఎవరి నోటా రాలేదు. మర్చిపోయారంటే సరిపెట్టుకునేది. వాళ్లు మర్చిపోలేదు, అది తలవాల్సిన పేరనే వాళ్లకి తట్టలేదు. ఒక మనిషి యాభై ఏళ్లు మోసిన నీళ్లన్నీ ఇసకలోకే పోయినట్టు, ఆ మనిషి కూడా పోవలసిందేనా?

"ఐదోది దింపండి," అన్నాడు నారాయణరావు. "పూండిలో జనార్దనరావు బావికి ఏడు వరలు. మనది నాలుగంటే తలెక్కడ పెట్టుకుంటాం?"

త్రినాథ ఒక్క క్షణం తటపటాయించి తల గోక్కున్నాడు. చెప్పాల్సిన మాట అతని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. కాంతం ముందుకొచ్చింది.

"ఐదోది వద్దు నాన్నా. ఉప్పు లేస్తాది."

"ఎవులు సెప్పినారు?"

"కాసులమ్మ. త్రినాథకీ సెప్పింది."

నారాయణరావు త్రినాథ కేసి చూశాడు. "ముసల్ది ఏదో అంది బాబూ," అని అతను నేలచూపులు చూశాడు. పంతులు చిన్నగా నవ్వాడు. నారాయణరావుకి ఆ నవ్వు తగిలింది. "కుండలు మోసే ఆడదాని మాట ఇని బావి ఆపీసినానంటే కాశీబుగ్గ సంతదాకా నవ్వుతారు. తవ్వండి," అన్నాడు.

తవ్వారు. బూడిదరంగు ఇసక వచ్చింది. కాంతం ఆ కుప్పలోంచి గవ్వముక్కలు ఏరి దోసిట్లో పెట్టి తండ్రికి చూపించింది. ఆడుకోడానికి ఏరుకుందనుకుని ఆయన పక్కకి పొమ్మన్నాడు. ఐదో వర దిగింది. పనివాళ్లు అంబలి తాగి, తాటాకు నీడన నడుం వాల్చి లేచేసరికి నీళ్లు రెండు జానలు పెరిగాయి. నారాయణరావు చెంబు ఎత్తి తాగబోయి, ఉమ్మేశాడు. పంతులు వేలు ముంచి నాలుకకి రాసుకుని మొహం చిట్లించాడు.

"ఏదో దృష్టి పడింది," అన్నాడు పంతులు.

అందరి తలలూ ఒక్కసారే ఇసకదిబ్బ కేసి తిరిగాయి. తియ్యటి నీళ్లప్పుడు గుర్తుకు రాని మనిషి ఉప్పునీళ్లకి ఎంత చప్పున గుర్తుకొచ్చిందో!

"ఆవిడ ఇటు తిరగనే నేదు," అంది కాంతం. "సూడండి, పొద్దున్నుంచీ ఈపు మనకేసి పెట్టే ఉంది. ఎందుకో తెల్దా మీకు? సెడగొట్టింది నువ్వు నాన్నా. ఏడు వరలని నువ్వు సెడగొట్టినావు. నోరుండీ సెప్పకుండా త్రినాథ సెడగొట్టినాడు."

నారాయణరావు చెయ్యి పిల్ల చెంప మీద పడింది. కాంతం ఏడవలేదు. "ఆ ముసల్దాన్ని తోటలోంచి ఎల్లగొట్టు," అని ఆయన త్రినాథతో అంటుండగానే, అతనికన్నా ముందు చేరాలని దిబ్బ కేసి పరిగెత్తింది.

కాసులమ్మ మొగలిపొదకి చేరగిలబడి ఉంది. కాళ్లు చాపుకుంది. ఒక అరచెయ్యి ఒళ్లో వెల్లకిలా ఉంది, అందులో తడి ఇసక. కింది పెదవికి కూడా రెండు ఇసకరేణువులు అంటుకుని ఉన్నాయి. కళ్లు మూసుకుంది, రుచి చూస్తున్నప్పుడు మూసుకునేటట్టే. కాంతం పిలవకుండా నిలబడింది. ఆమె ఆలోచన తెమిలితే చెబుతుందిలే అనుకుంది. ఎంతసేపటికీ ఆ కళ్లు తెరుచుకోలేదు. త్రినాథ వచ్చి, వంగి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, తలపాగా తీసేశాడు.

ఆమె వైపు చుట్టాలు ఇద్దరు వచ్చి సాయంత్రంలోపు శవాన్ని తీసుకుపోయారు. డప్పు లేదు. తోటలో పని ఆగలేదు. ఎవరో, పాపం మంచి ముసలిది అన్నారు. మంచిదంటే ఏమిటో చెప్పలేదు.

పొద్దు వాలుతుండగా నారాయణరావు దిబ్బ మీదికి వచ్చాడు. పొదకి పదడుగుల అవతల ఇసకలో పాతి ఉన్న మొగలికొమ్మ, దానికి కట్టిన చీరచెంగు పీలిక చూశాడు. పక్కనే మోచేతి లోతు గొయ్యి. కాంతం ఆ గొయ్యిలోంచి చిటికెడు ఇసక తీసి నాలుక కొసన పెట్టుకుని నిలబడి ఉంది. చల్లగా ఉంది. వెనకాల చిమచిమలాడలేదు. బావిలో ఏం జరగబోతోందో కాసులమ్మ తిరిగి చూడకుండానే పోల్చుకుంది. పోల్చుకుని, ఆ మూడొందల మొక్కలూ ఎండిపోకుండా ఇంకో చోటు వెతికి పెట్టి పోయింది.

"ఇక్కడ మంచినీళ్లున్నాయంటావా?" అన్నాడు నారాయణరావు. గొంతు తగ్గింది.

"నాలుగు వరలు."

"ఎవులు సూపించినారు?"

"నీకు తెల్సు. నువ్వే సెప్పు నాన్నా. పేరెట్టి సెప్పు. రేపు పంతులుగారి ముందూ సెప్పు."

నారాయణరావు కింద తోటలో నీళ్లు లేని మొక్కల వరసల కేసి చూశాడు. కూతురి చెంప మీద ఇంకా పోని ఎర్రటి వేళ్ల గుర్తుల కేసి చూశాడు. పెదవులు కదిలాయి. ఆ నాలుగక్షరాల పేరుకి అంత బరువేమిటో, బయటికి రాలేదు.

"ఎల్లుండి ఇంకో ముహూర్తం ఉందేమో అడుగుతాను," అని దిబ్బ దిగిపోయాడు.

కాంతం తండ్రి కనుమరుగయ్యేదాకా ఆగింది. తరవాత పొద నుంచి గొయ్యి దాకా మడమకి మునివేళ్లు ఆనించి కొలుచుకుంటూ నడిచింది. ఆ లెక్క పెదవులు కదపకుండా మనసులో పెట్టుకుంది. గొయ్యి పూడ్చింది. రెండు చేతులా పట్టి కొమ్మ పీకేసింది. పాదంతో ఇసక చదును చేసింది. ఇక ఈ నీళ్లు కావలసినవాళ్లు వచ్చి తననే అడగాలి, ఎవరు చూపించిన నీళ్లో పేరు పెట్టి అడగాలి. అలా అడగని ముహూర్తాలు ఎన్ని పోయినా పోనీ.

గాలికి దిబ్బంతా సాపు అయిపోయింది. పీకేసిన మొగలికొమ్మ ఒక్కటి అడ్డంగా పడి ఉంది, దాని కొసన ముతకచీర పీలిక ముడి అలాగే ఉంది, మొదట్లో అంటిన ఇసక ఇంకా తడిగా ఉంది.